డోలి పట్టిన చేయి

సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత మేం చదివిన రాతల్లో ఎక్కువగా కనిపించినవి రెండే: అవార్డు, పేదరికం. పాట సంగతి ఒక వాక్యంలో ముగిసేది.

మణుగూరు దగ్గర కూనవరం ఆయన ఊరు. డోలి కోయలకు పడిగె బట్టే పుస్తకం. దాని మీది బొమ్మలు చూస్తూ ఇలవేల్పుల కథ, గట్ల కథ చెబుతారు. సమ్మక్క-సారలమ్మ కథను ఆయన కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. జాతర క్యాసెట్లలో సమ్మక్క వరాలిచ్చే తల్లి, అంతే. డోలి కథలో ఆమెకు గట్టు ఉంది, పుట్టినిల్లు ఉంది, పగిడిద్దరాజు ఇల్లు ఉంది. దేవత కన్నా ముందు మనింటి ఆడబిడ్డ. ఆయన లోకాన్ని ఎలా చూశారో మాకు ఇక్కడే తెలిసింది; ఇంటర్వ్యూల్లో కాదు.

తరగతిలో ఆయన పాట వినిపిస్తే ఒక పిల్ల, "సార్, మాది ఏ గట్టు?" అని అడిగింది. ఏ పాఠమూ ఆ ప్రశ్న అడిగించలేదు. అయితే మేం వినిపించింది మూడు నిమిషాల ముక్కే. తెల్లవార్లూ సాగే కథను ముక్క చేసినవాళ్లలో మేమూ ఉన్నాం.

2024లో ఆయన పోయారు. మీ ఊళ్లో డోలి పట్టే తాత ఉంటే, ఈసారి కొలుపులో ఫోను మధ్యలో ఆపకండి.