క్లాక్‌వర్క్ ఆరెంజ్: ప్రీతియు, రోతయు

ఆంటోనీ బర్జెస్ 1962వ సంవత్సరమున ప్రకటించిన ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ అను ఆంగ్ల నవల గొప్ప గ్రంథమని చెప్పగలను గాని, దానిని మిత్రుల చేతికి నిశ్శంకగా నీయజాలను. భావికాలపు నగర మొకటి కల్పించి, అందు పదునైదేండ్ల అలెక్సు రాత్రులయందు సాగించు కొట్లాటలను, దొంగతనములను, స్త్రీలపై అత్యాచారములను వాని నోటనే చెప్పించినాడు గ్రంథకర్త. తుదకొక వృద్ధురాలిని చంపి వాడు చెరసాల పాలగును.

వాని మాటయే యొక వింత. రష్యను పదములను పెక్కింటిని విరిచి ఆంగ్లమున కలిపిన కుర్రకారు భాష అది. రష్యనులో ‘ఖరషో’ యన బాగు; అలెక్సు నోట నది ‘హారర్‌షో’ యగును, ఆంగ్లేయుని చెవికి భయానక ప్రదర్శనమని తోచును. ఈ మాటల ముసుగులో నెత్తురు కొంత మరుగుపడును. చదువరి మొదట అర్థమునకు తడుముకొని, పిదప లయకు తలయూచి, తాను దేనికి తలయూచెనో గ్రహించి సిగ్గుపడును. ఇది నేర్పే. అయినను బాధితలైన స్త్రీలకు ఈ గ్రంథమున నోరు లేకపోవుటను గూడ నేర్పని యొప్పుకొనలేను.

రెండవ భాగమున ప్రభుత్వము వానికి చికిత్స చేయించును. మందు సూదితో నెక్కించి, రెప్పలు మూయనీయక, హింసాచిత్రములను ఎడతెగక చూపుదురు. పిమ్మట చేయెత్త దలచినంతనే వానికి వాంతి వచ్చును. ప్రాణప్రదమైన బీథోవెను సంగీతము సైతము విషమగును. మంచిని తానై కోరుకొనలేనివాడు మనుష్యుడగునా యని చెరసాల మతగురువు సంశయించును. ఆ సంశయము న్యాయమైనదే. కాని అలెక్సు గిలగిల కొట్టుకొనునప్పుడు నాకొక తృప్తి కలిగినది. దానిని దాచి విమర్శ వ్రాయుట బూటకము.

ఆ తృప్తి మన ప్రాంతము వారెరుగనిది కాదు. సైబరాబాదు పోలీసు పరిధిలో, శంషాబాదు సమీపమున, 2019 నవంబరు 27వ తేదీ రాత్రి యొక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు లోనై హతురాలయ్యెను. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున చటాన్‌పల్లి యొద్ద నిందితులు నలువురును పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. హైటెక్ సిటీ అద్దపు మేడలలో రాత్రి కొలువు ముగించి ఇల్లు చేరవలసిన స్త్రీల భయము నెరిగినవారు ఆ జనులను తేలికగా నిందింపలేరు. ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులనిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022లో వెలువడినది. చంపు నుద్దేశముతోనే కాల్చిరనియు, నలువురిలో మువ్వురు మైనరులనియు అది తేల్చెను.

అలెక్సు నేరమును మనము పుటపుటను చూచితిమి. ఇచ్చట న్యాయస్థానమున విచారణయే జరుగలేదు. బర్జెస్ చదువరికి ముందుగా నిశ్చయము నిచ్చి, ఆపై వాని దయను పరీక్షించును. లోకమున ఆ నిశ్చయ మెవరిత్తురు?

అమెరికా ప్రతులలో 1986 వరకు ఇరువదియొకటవ ప్రకరణము లేదు. కుబ్రిక్ 1971లో తీసిన చలనచిత్రమందును లేదు. అందు పదునెనిమిదేండ్ల అలెక్సు హింసకు విసిగి, భార్యను, కుమారుని కోరుకొనును. ప్రకరణమును తిరిగి చేర్చుట న్యాయమే. అయినను వానిని మార్చినది వయస్సు, పశ్చాత్తాపము గాదు. తన కొడుకును ఇట్లే చేయునని, తా నాపలేనని యనుకొనును. ఆ కొడుకు చేత చావబోవు ముసలిదానిని మాటవరుసకు తలచును. ఆపై తనకు పెండ్లికూతును వెదుక బయలుదేరును.