‘అంటు’ అను మాట: అస్థిచికిత్సలో ఒక పదవిచారము

ఆంగ్లమునందలి ‘గ్రాఫ్ట్’ అను పదమునకు మూలము, గంటము అను అర్థముగల గ్రీకుపదము. చెక్కిన కొమ్మ గంటపు మొనవలె నుండుటచే ఆ పేరు కలిగినది. మన రైతు దానినే అంటు అనెను. కావున విఱిగిన చోటనో, వెన్నుపూసల నడుమనో ఎముకను చేర్చుటకు ‘ఎముక అంటు’ అనుట సహజముగనే తోచును. చెన్నపురిలో అరవమిత్రులు ‘ఎలుంబు ఒట్టు’ అందురు; ఆ ఒట్టు మన చెవికి ప్రమాణముగా వినబడుట వేరు సంగతి.

అయితే అంటురోగమునందలి అంటుకూడ నిదియే. ఇచటనే చిక్కు.

నా విద్యార్థి యొకడు తండ్రికి జరుగనున్న వెన్నెముక శస్త్రచికిత్సకై ఒక వైద్యశాలవా రిచ్చిన తెలుగు అంగీకారపత్రమును తెచ్చెను. అందు ‘అవసరమైనచో ఎముక అంటు వేయబడును’ అని యున్నది. ‘ఎవరి ఎముక, మాస్టారూ?’ అని బాలు డడిగెను. నేను చెప్పలేకపోతిని. ‘వేయబడును’ అను కర్మణి ప్రయోగము కర్తను దాచినది; షష్ఠీవిభక్తి లేమి ఎముకగలవానిని దాచినది. వ్యాకరణదోషమని నవ్వి విడువదగినది కాదు.

ఏలనన, భయములు ఆ షష్ఠినిబట్టియే మారును. రోగి తుంటినుండి తీసిన ఎముకలో అతని జీవకణము లుండును, పరవ్యాధి సోకదు. కాని లభించునది స్వల్పము, తీసిన చోట నొప్పి నెలలకొలది నిలువవచ్చును. దాత ఎముకను కడిగి, శీతలీకరించి, గామాకిరణములతో శుద్ధిచేయుట కలదు. కిరణము లెక్కువైనచో దాని బలము తగ్గును. జీవకణములను నిలుపదలచిన పదార్థమునకు అట్టి శుద్ధి చేయరాదు. 2021లో అమెరికాలో ఒకే దాత ఎముకతో చేసిన అట్టి పదార్థము నూరుమందికి పైగా రోగులకు చేరి, పలువురకు క్షయ సోకినది. హైడ్రాక్సీఅపటైట్ వంటి కృత్రిమపదార్థమున దాతవలని రోగభయము లేదు. పెళుసుదన మున్నది, ఏండ్లతరబడి కరుగక నిలుచును. పశువుల ఎముకనుండి చేసినవియు గలవు. అది తెలిసినచో వలదనువారు మన యిండ్లలో నెందరో!

‘స్వాస్థి’, ‘పరాస్థి’ యని సమాసములు కల్పింప నక్కఱలేదు. మీ తుంటి ఎముక, మరియొక మనుష్యుని ఎముక, పశువు ఎముక, కృత్రిమపదార్థము అని వ్రాసి, వేయునది ఏదో గుర్తుపెట్టిన చాలును. రోగి బెదరునని కొందఱందురు. బెదరి ప్రశ్నించుటకే గదా సంతకమునకు ముందు పత్రము నిచ్చుట!

ఆ బాలుని తండ్రి శస్త్రవైద్యుని అడుగగా, తుంటి ఎముకయే యని చెప్పెనట. అది నోటిమాట. పత్రములో ‘ఎముక అంటు’ అనియే యున్నది.