ఈకో నివాస్ సంహిత – ఉద్దానం ఇల్లు : విమర్శనాత్మక పరిశీలన

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు ఎన్నో ఇళ్ల కప్పులు పోయాయి. ఆ సంవత్సరమే డిసెంబరు 14న కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ నివాస గృహాల కోసం ‘ఈకో నివాస్ సంహిత’ను విడుదల చేసింది. ఉద్దానం ఇంటికి ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో పరిశీలిద్దాం.

గాలికి ప్రాధాన్యమివ్వడం సంహితలోని మంచి గుణం. తీరప్రాంతంలో అసలు బాధ ఉక్కపోత. చెమట ఆరాలంటే గాలి ఆడాలి. అందుకే ఇటువంటి ప్రాంతాల్లో బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపులు, వెంటిలేటర్ల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని నిర్దేశించింది. 600 చదరపు అడుగుల ఇంటికి ఇది 100 చదరపు అడుగులు. పైకప్పు గుండా దిగే వేడికీ పరిమితి విధించింది.

అయితే రెండు లోపాలు గమనించాలి. ఒకటి, 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు, అంతకు మించిన స్థలాలకే 2018లో దీన్ని వర్తింపజేశారు. టెక్కలిలో రెండు మూడు సెంట్లలో కట్టుకున్న ఇల్లు దీని పరిధిలోకి రాదు. రెండు, ఇది వేడిని లెక్కించింది గాని తుఫానును లెక్కించలేదు. తాటాకు కప్పు చల్లన, కాని పెనుగాలికి నిలవదు. సిమెంటు శ్లాబు నిలుస్తుంది, కాని పగలు పీల్చిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. తుఫానుకు భయపడి శ్లాబు వేసుకున్న కుటుంబం ఆ వేడికి ప్రతి నెలా కరెంటు బిల్లు రూపంలో మూల్యం చెల్లిస్తోంది.

కాబట్టి సంహిత సూత్రాలు సరైనవే, పరిధి చాలదు. శ్లాబుపై తెల్లని పూత, ఎదురెదురు కిటికీలు చిన్న ఇంటికే ఎక్కువ అవసరం.

అభ్యాసం: మీ ఇంటిలో తెరుచుకునే భాగం నేల వైశాల్యంలో ఎంత శాతమో లెక్కించండి.