పట్టికలో లేని అవయవం

కాకుమాను నల్లరేగడి చేలమధ్య ఒక లైన్‌మాన్ కరెంటు స్తంభం మీదనుంచి జారిపడినాడనుకుందాం. కాలు విరగలేదు, వేలు తెగలేదు. కొద్దిసేపు స్పృహ తప్పినది. తలకు నాలుగు కుట్లు పడినవి. నెల తిరిగేసరికి డ్యూటీలో చేరినాడు. కాని ఇప్పుడు చెప్పిన మాట మరచిపోతున్నాడు, ఊరకనే మండిపడుతున్నాడు, ముందు ఏ తీగకు సరఫరా ఆపవలెనో ఆ వరుస తప్పుతున్నాడు. ఇతనికి కలిగిన నష్టమెంత? దీనికి చట్టం చెప్పే జవాబు శాస్త్రానికి ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో గాయాల పట్టిక ఒకటి ఉన్నది. రెండు చేతులూ పోతే నూటికి 100 పాళ్లు; బొటనవేలు పోతే 30; ఒక కంటి చూపు పోతే 30. దాని స్థానంలో 2025లో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా ఈ పద్ధతినే నిలుపుకున్నది. మెదడు మాత్రం పట్టికకెక్కలేదు. దారి బొత్తిగా లేదనరాదు. సంపాదనశక్తి ఎంత తగ్గినదో వైద్యుడు అంచనా కట్టవచ్చును. అయితే వేలు పోయినవానికి పట్టికే సాక్షి. మెదడు దెబ్బతిన్నవాడు సాక్ష్యం వెతుక్కోవాలి.

ఆ సాక్ష్యం దొరకటమే కష్టం. మెదడు కపాలంలో ద్రవం మధ్య తేలుతూ ఉంటుంది. తల హఠాత్తుగా ఆగినా, తిరిగినా, లోపల సన్నని నాడీతంతువులు సాగి తెగుతవి. సీ.టీ. స్కాను ఎముక విరిగితే, రక్తం గడ్డకడితే చూపగలదు. ఈ సూక్ష్మమైన చీలికలను తరచు చూపలేదు. స్కాను బాగున్నదంటే మెదడు బాగున్నదని కాదు.

1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైలుమార్గపు మేస్త్రి కపాలాన్ని, పేలుడులో ఎగిరిన ఇనుపకడ్డీ చీల్చుకొనిపోయినది. ఎడమకంటి చూపు పోయినది, మనిషి బ్రతికినాడు. కాని స్వభావం మారిపోయి, పాత కొలువు తిరిగి దక్కలేదు. మన పట్టికతో కొలిస్తే గేజ్ కంటికి 30 పాళ్లు వస్తవి. అతని కొలువు పోగొట్టిన గాయానికి అంకె లేదు!

దీనికి ఎదురుకొసన మరొక చట్టం ఉన్నది. 2016 నుంచి హవానాలోని అమెరికా రాయబార సిబ్బంది వింత శబ్దాలు, తలనొప్పి, తలతిరుగుడు గురించి చెప్పుకొన్నారు. అట్టి ఉద్యోగుల మెదడు గాయాలకు పరిహారమిచ్చేందుకు 2021లో చట్టం చేసినారు. 2024లో వెలువడిన స్కాను పరిశోధనలలో చెప్పుకోదగిన గాయపు గుర్తులు కనబడలేదు, కారణమూ తేలలేదు. అయినా ఉద్యోగి బాధను తోసివేయరాదన్నది ఆ చట్టం ధోరణి. అక్కడ కారణం తెలియకున్నా చెల్లింపు ఉన్నది. ఇక్కడ స్తంభం మీదనుంచి పడినట్లు ఊరందరికీ తెలిసినా అంకె లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సర్వీసులో వైకల్యం కలిగిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదనీ, పాత పనికి తగకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చవలెననీ చెప్పుచున్నది. మంచి నియమమే. కాని అది వైకల్యమని ముందు ఎవరో గుర్తించాలి గదా!

మెదడుకు కూడా బొటనవేలివలె ఒక స్థిరమైన అంకె వేయమని నేననను. ఒకే దెబ్బ ఇద్దరిలో ఒకే ఫలితమివ్వదు. చేయవలసినది వేరు: తలకు దెబ్బతగిలి స్పృహ తప్పిన ప్రతి ఉద్యోగికీ జ్ఞాపకం, అవధానం, నిర్ణయశక్తులను పరీక్షించాలి, కొన్ని నెలలకు మళ్లీ పరీక్షించాలి, ఇంటివారి మాట, తోటి పనివారి మాట వ్రాసికొనాలి. అంతవరకు అతన్ని స్తంభమెక్కించరాదు. వరుస తప్పిన లైన్‌మాన్‌కు రెండవ ప్రమాదం ఎంతో దూరంలో ఉండదు; అప్పుడు ప్రాణం పోయేది అతనిదే కావచ్చును, క్రింద నిలిచినవానిదీ కావచ్చును.