పని చెబితేనే రాయి గుణం తేలేది

చౌటుప్పల్ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా చివరికి తగిలేది గ్రానైటే. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పునాది తీసే మేస్త్రికి ఆ రాయి తగిలితే ధీమా, ఇంక లోతుకు పోనక్కర్లేదు. కంకర మిల్లుకు అది సరుకు. బోరు వేయించే రైతుకు అదే రాయి పగులన్నది లేకుండా తగిలితే పెట్టిన డబ్బు నేలపాలు. తాగునీటి దగ్గరికొస్తే, ఆ రాయిలోని ఖనిజాల నుంచి నీళ్లలోకి దిగిన ఫ్లోరైడే నల్లగొండ జిల్లాలో తరాల తరబడి మనుషుల ఎముకలను వంచింది. మరి ఈ రాయి మంచిదా, చెడ్డదా? దాంతో మనకు పడిన పని ఏమిటో చెప్పనిదే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఇంజినీరింగ్‌లో పదార్థాల వర్గీకరణకు ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం. పదార్థాన్ని పేరును బట్టో పుట్టుకను బట్టో విడదీస్తే సరిపోదు. మనం అప్పజెప్పిన పనిలో అది ఎలా నడుచుకుంటుందో చూసి విడదీయాలి. లోహాలు, సెరామిక్‌లు, పాలిమర్లు, కాంపోజిట్లు అనే పట్టిక చదువుకు మంచి మొదలే. చాలాసార్లు మన చదువు ఆ పట్టిక దగ్గరే ఆగిపోతోందన్నదే నా బాధ.

చౌటుప్పల్‌లోనే మనం ఎన్.జి.ఆర్.ఐ. అని పిలిచే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారి ప్రయోగ క్షేత్రం ఉంది. గట్టిరాతి నేలల్లో నీరు ఎలా నిలుస్తుందో, ఎలా కదులుతుందో అక్కడ బోర్లు వేసి పరిశీలిస్తారు. ఇలాంటి నేలలో పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లు బారిన రాయి, అడుగున చెక్కుచెదరని బండ ఉంటాయి. పుట్టుక చూస్తే అన్నీ ఒకే కుటుంబం, పై పొరలు ఆ బండ చివికి తయారైనవే. నీటి లెక్కలో మాత్రం దేని దారి దానిదే. మొరంలో సందులెక్కువ కాబట్టి నీరు నిలుస్తుంది, కానీ బంకమన్ను కలిసి ఉండడంతో త్వరగా కదలదు. పగుళ్ల పొరలో నిల్వ తక్కువ, పారకం ఎక్కువ. బోరుకు నీళ్లు ముఖ్యంగా అందేది ఆ పొర నుంచే. అడుగు బండలో రెండూ దాదాపు లేనట్టే. నిల్వ వేరు, పారకం వేరు అని గుర్తించకపోతే మొరం తడి చూసి ఆశపడతాం, పగుళ్ల పొర దాటిపోయాక కూడా ఇంకా లోతుకు పోతే నీళ్లు పడతాయేమోనని అప్పుచేసి మరీ దింపిస్తాం.

స్టీలు కడ్డీ సంగతీ ఇంతే. ఇల్లు కట్టేటప్పుడు కొట్లో అడిగేది ఎన్ని ఎం.ఎం., ఏ కంపెనీ, టన్ను ఎంత అని. కడ్డీ మీద అచ్చుపడి ఉండే ఎఫ్ఇ 500, ఎఫ్ఇ 500డి గుర్తుల దాకా చూపు పోదు. ఐ.ఎస్. 1786 ప్రమాణం ప్రకారం రెండింటికీ 500 ఒకటే. చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల లాగుడు దాకా కడ్డీ శాశ్వతంగా సాగిపోకుండా నిలవాలి. తేడా అంతా ‘డి’లో ఉంది. తెగేలోపు మొదటిది కనీసం 12 శాతం సాగితే చాలు, రెండోది 16 శాతం సాగి తీరాలి. మామూలు రోజుల్లో బరువు మోయడంలో రెండూ సమానమే. భూకంపానికి భవనం ఊగినప్పుడు మాత్రం తెగకుండా సాగే కడ్డీయే లోపలివాళ్లకు బయటపడే వ్యవధి ఇస్తుంది. ఇక చౌటుప్పల్‌లోనే ఉన్న భూ అయస్కాంత పరిశీలనశాల లాంటి చోట బలం మాటే వెనక్కి పోతుంది. భూమి అయస్కాంత క్షేత్రంలో అతి చిన్న మార్పును కొలిచే పరికరానికి పక్కనున్న ఇనుప మేకు కూడా అడ్డే. అలాంటి గదికి రాగి, ఇత్తడి, అల్యూమినియం, కర్ర అన్నీ ఒకే వర్గం, ఇనుము మరో వర్గం. లోహానికీ కర్రకూ మధ్య పాఠ్యపుస్తకం గీసిన గీతకు అక్కడ విలువ లేదు.

తరతరాల మేస్త్రులు ఏ ప్రమాణం చదివి కట్టారని అడిగేవాళ్లున్నారు. ఆ మేస్త్రులు చేసిందీ గుణపరీక్షే. ఇసుకను గుప్పిట్లో నలిపి, వదిలేశాక అరచేతికి ఎంత మన్ను అంటిందో చూడడం పరీక్ష కాక మరేమిటి? మట్టి ల్యాబులో ఈనాటికీ తడిమన్నును గాజు పలక మీద వేళ్లతో తాడులా పేనుతారు. సరిగ్గా 3 మి.మీ. సన్నానికి వచ్చేసరికి అది విరిగిపోతే, అప్పుడు అందులో ఉన్న తేమ శాతాన్ని ప్లాస్టిక్ లిమిట్‌గా రాసుకుంటారు. మట్టి పదును చూసే కుమ్మరి చేతికీ ఈ చేతికీ తేడా ఆ అంకె రాసుకోవడమే. రాసుకున్న తెలివి ఊరు దాటి పోగలదు. పైగా అనుభవం కంటికి, చేతికి అందినంత మేరే పనిచేస్తుంది. కడ్డీ ఎంత సాగుతుందో చూస్తే తెలియదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను నాలుక పట్టలేదు. తేటగా ఉన్న బావినీటిని తాగరాని నీరని వేరుచేసింది కొలతే. నదీజలాల కోసం నల్లగొండ చేసిన పోరాటానికీ ఆ కొలతే బలమైంది. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015 జూన్‌లో, అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో ఆవిష్కరించడం వెనుక ఆ చరిత్ర ఉంది. ఇక రాయిని పొడిచేసి తీసే రోబో శాండ్ విషయంలో తాతల నాటి అనుభవమే లేదు.

పనికో వర్గీకరణ అంటే అంతూ పొంతూ ఉండదన్నది ఇంకో అభ్యంతరం. కానీ ఏ పనికైనా తేల్చిచెప్పే గుణాలు రెండో మూడో ఉంటాయి. కంకరను ఉక్కు గుండ్లతో కలిపి డ్రమ్ములో తిప్పి అరుగుదల చూసే పరీక్షలో, బండి చక్రాలు రాసుకుపోయే కాంక్రీటు కోసమైతే 30 శాతం మించి అరగకూడదంటుంది ఐ.ఎస్. 383. మిగతా కాంక్రీటుకు 50 దాకా ఒప్పుకుంటుంది. రెండు హద్దులు పెట్టడంతో గందరగోళం రాలేదు, పనికొచ్చే కంకరను వృథాగా కాదనే అవసరం తప్పింది. ఈ గీతలు మనిషి గీసినవే కదా అంటే, ఆ మాట నిజం. ఇసుకను సన్నదనాన్ని బట్టి జోన్లుగా విడదీస్తారు, అందులో 600 మైక్రాన్ల జల్లెడ దాటేది 59 శాతమైతే రెండో జోన్, 60 అయితే మూడో జోన్. ఆ ఒక్క శాతం దగ్గర ప్రకృతిలో గోడేమీ లేదు. అందుకే జోన్ పేరు ఒక్కటే రాసి వదిలేయకుండా అసలు అంకెనూ పక్కన రాయాలంటాను. ఇసుక మెత్తనైనకొద్దీ నీరు ఎక్కువ అడుగుతుంది, కలిపేవాడికి అక్కరకొచ్చేది ఆ అంకే.

ఇలా గుణం చూసి ఎంచడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కడ్డీ కొనేటప్పుడు గుర్తు చదివి, టెస్ట్ సర్టిఫికెట్ అడగాలి. పాలిటెక్నిక్ తరగతిలో పదార్థం పేరు చెప్పగానే ఏ పనికి, ఏ గుణం చూసి అని విద్యార్థిని అడగాలి. అన్నిటికన్నా ముందు, బోరు వేసిన ప్రతిసారీ మొరం ఎన్ని అడుగుల్లో అయిపోయింది, గ్యాప్, అంటే రాతి పగులు, ఎక్కడ తగిలింది, నీళ్లు ఎన్ని ఇంచులు పడ్డాయి అని ఒక కాగితం మీద రాయించుకోవాలి. బోరు బండి వెళ్లిపోతే ఆ సమాచారం దుమ్ముతోపాటే పోతుంది. ఊళ్లో పది బోర్ల కాగితాలు ఒకచోట చేరితే, పదకొండో రైతు ఎంత లోతులో ఆపాలో అంచనాకు రాగలడు, ఆ మేరకు అప్పూ తగ్గుతుంది.