ఒక్క రేవు తెలిసిన చేయి

న్యూజిలాండ్‌లో క్రూయిజ్ సీజన్ అక్టోబరులో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. ఆక్లాండ్ నుంచి దక్షిణానికి బయలుదేరే ఆ ఓడల్లో మన కుటుంబాలూ కనిపిస్తుంటాయి. అమ్మానాన్నల షష్టిపూర్తో, తాతయ్యకు సహస్ర చంద్ర దర్శనమో, ఏదో ఒక సందర్భం ఉంటుంది. హోమం, ఆశీర్వచనం, అక్షింతలు ముందే ఇంట్లోనో గుళ్లోనో ముగించుకుని వస్తారు. ఓడలో నిప్పు పనికిరాదు, క్యాబిన్‌లో అగరొత్తి కూడా వెలిగించనివ్వరు. మిగతా సంబరమంతా ఓడలోనే. మెట్లెక్కలేని అమ్మమ్మ, ఒకచోట నిలవని మనవడు, ఎక్కడికెళ్లినా కాఫీ బాగాలేదనే పెదబావగారు, అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. పెట్టె ఒక్కసారి సర్దితే చాలు. టౌరంగా, నేపియర్, వెల్లింగ్టన్, లిటెల్టన్, పోర్ట్ చామర్స్ వరసగా వాటంతటవే వస్తాయి.

నిజానికి వాటంతటవి రావు. ప్రతి రేవు ముందూ ఒక మనిషి చిన్న లాంచీలో ఎదురొచ్చి, కదులుతున్న ఓడ ఎక్కి, దాన్ని ఒడ్డుకు చేరుస్తాడు. తెల్లవారుజామున డెక్ మీద నిలబడి ఒక మనవడు అడిగాడు, "తాతా, ఆ నారింజ జాకెట్ ఆయన ఎవరు? ఓడకి కెప్టెన్ ఉన్నాడుగా?" గోదారి ఒడ్డున పెరిగిన తాతగారు క్షణం కూడా ఆలోచించలేదు. "సరంగురా. ఈ ఏట్లో ఇసుక ఎక్కడ మేట వేసిందో ఈయనకే తెలుసు." ఇంతకంటే బాగా చెప్పడం కష్టం. ఓడను అన్ని సముద్రాలకూ సరిపోయేలా కడతారు. రేవు పైలట్ మాత్రం ఒక్క రేవు కోసమే తయారవుతాడు. ఈ వ్యాసం ఆయన పనితనం గురించే.

తొమ్మిది మీటర్ల పరీక్ష

పైలట్ ఓడ ఎక్కే తాళ్ల నిచ్చెనను ఒకసారి దగ్గర నుంచి చూడండి. పద్నాలుగు అంతస్తుల ఉక్కు ఓడలో, ఉపగ్రహాలతో దారి వెతుక్కునే ఈ కాలంలో, మనిషి ప్రాణం ఇంకా మనీలా తాడుకే వేలాడుతోంది. అరటి కుటుంబానికి చెందిన అబాకా మొక్క నారతో పేనే తాడు అది. తడిసినా చేతిలో జారదు. మందం 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పక్కకు రెండేసి తాళ్లు, పైమెట్టు నుంచి కింది దాకా ఎక్కడా అతుకు ఉండకూడదు. మెట్టు ముడుల్లేని ఒకే గట్టి చెక్క. తాళ్ల మధ్య కనీసం 400 మిల్లీమీటర్ల వెడల్పు, మెట్టుకూ మెట్టుకూ మధ్య 310 నుంచి 350 మిల్లీమీటర్ల ఎడం. మెట్లకు రంగు వేయకూడదు. రంగు వేస్తే కాలు జారుతుంది, పైగా కింద చెక్క చీలినా కనపడదు.

అట్టడుగు నాలుగు మెట్లు మాత్రం రబ్బరువి. అలకు లేచిన లాంచీ గుద్దుకునేది వాటినే. చెక్కయితే పగిలిపోతుంది, రబ్బరు ఓర్చుకుంటుంది. కింది నుంచి అయిదో మెట్టు మిగతావాటికంటే చాలా పొడవు, కనీసం 1.8 మీటర్లు. గాలికి నిచ్చెన మెలి తిరిగిపోకుండా ఓడ పక్కకు ఆనించి పట్టుకునేది ఇదే. పొడవైన నిచ్చెనలో ఇలాంటివి తొమ్మిది మెట్లకు ఒకటి తప్పక రావాలి. ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లు దాటితే నిచ్చెన ఒక్కటే చాలదు, పైభాగానికి ఓడ మెట్లదారిని జోడించాలి. క్రూయిజ్ ఓడల్లో నీటికి కాస్త ఎగువన పక్క గోడకే తలుపు ఉంటుంది కాబట్టి ఎక్కే దూరం కొంత తగ్గుతుంది. ఇవన్నీ అంతర్జాతీయ సముద్ర భద్రతా నియమాల్లో రాసి ఉన్న కొలతలు. ప్రతి కొలత వెనకా ఎవరో ఒకరు పడిన సందర్భం ఉందనిపిస్తుంది.

ఎక్కడంలోనూ ఒడుపుంది. ముందు ఓడ కాస్త తిరిగి గాలికి అడ్డం నిలుస్తుంది. చాటు పక్కన నీరు కొంత నెమ్మదిస్తుంది. లాంచీ అక్కడికి వచ్చి, ఓడ వేగంతో కలిసి పక్కనే పరుగెత్తుతుంది. పైలట్ తొందరపడడు. లాంచీ అల మీద పైకి లేచి ఇక దిగబోయే క్షణంలో నిచ్చెన అందుకుని చకచకా రెండు మూడు మెట్లు ఎక్కేస్తాడు. అల దిగువన ఉన్నప్పుడు అందుకుంటే, మరుక్షణం లేచే లాంచీ కాళ్లను నలిపేస్తుంది. చూసేవాళ్లకు అది మామూలుగా మెట్లెక్కినట్టే ఉంటుంది.

నీటి కింద లెక్క

పోర్ట్ చామర్స్‌కు వెళ్లే దారి ఈ పనితనానికి మంచి ఉదాహరణ. ఆ రేవు ఉన్న ఒటాగో హార్బర్ నోటి దగ్గర టైయరోవా కొన మీద రాయల్ ఆల్బట్రాస్ పక్షుల గూళ్లున్నాయి. మూడు మీటర్ల రెక్కలతో అవి తిరుగుతుంటే కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. అదే సమయానికి ఓడ నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, లెక్క వేరేగా నడుస్తుంటుంది. హార్బర్ వెడల్పుగా కనిపించినా చాలా భాగం లోతు లేని నీరే. పెద్ద ఓడ పట్టేది తవ్వి ఉంచిన ఒక కాలువలోనే, అందులోనూ మలుపులు.

లోతు తక్కువ నీటిలో వేగం పెంచితే ఓడ ఇంకా కిందికి దిగుతుంది. అడుగున ఇరుక్కున్న నీరు వేగంగా జారిపోయి ఒత్తిడి పడిపోవడమే దీనికి కారణం. పోనీ నెమ్మదిగా వెళ్దామంటే, ఎత్తైన పక్కగోడలు తెరచాపలా గాలి పట్టి ఓడను నెట్టేస్తాయి. కాలువ గట్టుకు దగ్గరైతే వెనక భాగాన్ని గట్టు లాక్కుంటుంది. వేగం ఎంత ఉండాలో ఏ పరికరమైనా సూచించవచ్చు. ఈ మలుపులో, ఈ పాటులో, ఈ నైరుతి గాలిలో ఎంత ఉండాలో చెప్పేది మాత్రం అక్కడ వందలసార్లు చేసిన చెయ్యే. ఈ లెక్కలో చంద్రుడూ ఉన్నాడు. సహస్ర చంద్ర దర్శనానికి కావలసిన వెయ్యి పున్నములు చూడటానికి మనిషికి దాదాపు 80 ఏళ్ల 10 నెలలు పడుతుంది. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎంత పెరుగుతుందో, పాటు ఎంత వేగంగా లాగుతుందో పైలట్‌కు నోటికి వచ్చి ఉండాలి. తాతగారి పండగా పైలట్ పంచాంగమూ చంద్రుడి మీదే నడుస్తున్నాయన్నమాట.

బ్రిడ్జి మీద మాటల తీరు కూడా గమనించదగ్గదే. ఓడ అధికారం చివరిదాకా కెప్టెన్‌దే. పైలట్ దారి చెబుతాడు. ఎక్కగానే ఇద్దరూ ఓడ లోతు, ఇంజన్ల తీరు, గాలి, వెళ్లే దారి మాట్లాడుకుంటారు. ఆ తర్వాత పైలట్ చెప్పిన ప్రతి మాటనూ చుక్కాని పట్టినవాడు పైకి తిరిగి చెప్పి, చేసి, అయిందని మళ్లీ చెబుతాడు. "స్టార్‌బోర్డ్ టెన్" (చుక్కాని కుడికి పది డిగ్రీలు) అంటే "స్టార్‌బోర్డ్ టెన్" అనే బదులొస్తుంది. విన్నట్టు తలూపితే కుదరదు.

వద్దనుకోవడం

ఒక ప్రాంతం బాగా తెలిసి ఉండటమే ఒక్కోసారి ఉచ్చు అవుతుంది. 1986 ఫిబ్రవరి 16న సోవియట్ క్రూయిజ్ ఓడ మిఖాయిల్ లెర్మొంతోవ్ మార్ల్‌బరో సౌండ్స్‌లో మునిగిపోయింది. అక్కడి పిక్టన్ రేవు హార్బర్ మాస్టరే దానికి పైలట్. కేప్ జాక్సన్ కొనకూ లైట్‌హౌస్‌కూ మధ్యనున్న ఇరుకు దారిలోకి ఓడను తిప్పగానే అడుగు రాళ్లకు తగిలి చీలింది. ఏడు వందల మందికి పైగా ఉన్న ఆ ఓడలో ప్రాణం పోయింది సిబ్బందిలో ఒక్కరికే. మిగతావారిని చిమ్మచీకట్లో చుట్టుపక్కల ఓడలు, పడవలు కాపాడాయి. ఓడ ఇప్పటికీ దగ్గర్లోని పోర్ట్ గోర్ అనే అఖాతం అడుగున పడి ఉంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతి అంతకు రెండు శతాబ్దాల ముందు జరిగింది. 1770 మార్చిలో ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ న్యూజిలాండ్ నైరుతి మూలనున్న ఫియార్డ్‌ల్యాండ్ తీరం వెంట వస్తూ ఒక ఇరుకు ద్వారం చూశాడు. లోపలికి పోతే ఎదురుగాలికి మళ్లీ బయటపడగలమా అన్న అనుమానంతో ముందుకే సాగిపోయాడు. ఇప్పుడు దాన్ని డౌట్‌ఫుల్ సౌండ్ అంటున్నారు. మూడేళ్లకు వచ్చినప్పుడు డస్కీ సౌండ్‌లో నెలకు పైగా హాయిగా లంగరేసుకున్నాడు. వెళ్లగలిగిన చోటికల్లా వెళ్లకపోవడం కూడా ఓడ నడిపే విద్యలో భాగమే.

ఇప్పుడు ఆ ద్వారాల దగ్గర ఇంకో కాపలా ఉంది. ఓడ అడుగున పట్టుకొచ్చే నాచు, గుల్లలు, పురుగులు స్థానిక జలాల్ని పాడుచేయకుండా న్యూజిలాండ్ 2018 మే నుంచి కఠిన నియమం అమలు చేస్తోంది. 2022–23 సీజన్‌లో అడుగు శుభ్రంగా లేదని కొన్ని క్రూయిజ్ ఓడల్ని ఫియార్డ్‌ల్యాండ్‌లోకి రానివ్వలేదు. నీటి కింద ఎవరికీ కనిపించని చోట పూసిన రంగు, గీకిన గుల్ల కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాయి.

బాడిసె పదును

ఫియార్డ్‌ల్యాండ్ ఎలా పుట్టిందో మావోరీలు చెప్పే కథ పనివాళ్లకు నచ్చుతుంది. తూ తే రాకి ఫానోవా అనే దేవుడు బాడిసెతో ఈ కొండల్ని దక్షిణం నుంచి చెక్కుకుంటూ వచ్చాడట. మొదట్లో చెయ్యి కుదరలేదు. అందుకే దక్షిణాన తీరమంతా చిందరవందర, ఎక్కడ చూసినా ముక్కలుగా మిగిలిన దీవులు. చెక్కుతూ చెక్కుతూ చెయ్యి తిరిగింది. చివరికి వచ్చేసరికి పియోపియోతాహి, అంటే మిల్‌ఫర్డ్ సౌండ్, నిట్టనిలువుగా, నున్నగా తేలింది. దేవుడైనా మొదటి రోజే నేర్పరి కాలేదని చెప్పే కథ ఇది.

ఆ చివరి పనిలోకి ఓడ వెళ్లే తీరు చూడాలి. బయటి నుంచి చూస్తే కొండలు ఒకదానిపై ఒకటి కప్పుకుని ద్వారమే కనిపించదు. కుక్ కూడా గమనించకుండా దాటిపోయాడు. లోపల మైటర్ పీక్ దాదాపు 1,690 మీటర్లు సూటిగా నీటిలోంచి లేస్తుంది. లోతు మూడు వందల మీటర్లకు దగ్గర కాబట్టి లంగరు మీద ఆధారపడలేరు. కొండల మీద నుంచి గాలి ఉన్నట్టుండి దూకుతుంది. అలాంటి చోట ఫియార్డ్ (కొండల మధ్య ఇరుకు సముద్రపు పాయ) చివర దాకా వెళ్లి ఓడ ఉన్నచోటే తిరగాలి. కొత్త ఓడల్లో చాలావాటికి చుక్కాని లేదు. నీటి కింద గుండ్రంగా తిరిగే పాడ్‌లకే ప్రొపెల్లర్లు బిగించి ఉంటాయి. క్రూయిజ్ ఓడల్లో 1998లో కార్నివాల్ ఎలేషన్‌తో ఈ పద్ధతి మొదలైంది. ముందు భాగాన్ని థ్రస్టర్లు ఒకవైపు, వెనక భాగాన్ని పాడ్‌లు రెండోవైపు నెడుతుంటే మూడు ఫుట్‌బాల్ మైదానాలంత పొడవున్న ఓడ నీటి మీద నిదానంగా చుట్టు తిరుగుతుంది. వర్షం పడుతుంటే మరీ మంచిది. లెక్కలేనన్ని జలపాతాలు ఒక్కొక్కటిగా కళ్ల ముందు జరుగుతాయి. చుట్టూ కూర్చున్న వాళ్ల కాఫీ కప్పులో అల కూడా లేవదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రయాణం తలపెడితే, బఫే వేళలతో పాటు ఇంకో వేళ కూడా కనుక్కోండి. రేవు చేరడానికి గంటో రెండు గంటలో ముందు ఓడ నెమ్మదిస్తుంది. అప్పుడు గాలి తగలని పక్క, కింది డెక్ మీదికి పిల్లల్ని, ఓపికుంటే పెద్దల్ని తీసుకెళ్లండి. లాంచీ ఎక్కడ దగ్గరవుతుందో, ఆయన ఏ అలను వదిలేసి ఏ అలను ఎంచుకుంటాడో చూపించండి. ఫొటోకు అందే దృశ్యం కాదు, పది సెకన్లలో అయిపోతుంది. కానీ ఆ రోజు పిల్లలు తిన్న ఐస్‌క్రీమ్ కంటే ఇది ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఒక పనిని బాగా చేయడమంటే ఏమిటో వాళ్లకు మనం మాటల్లో చెప్పే అవసరం తప్పుతుంది.