కీర్తనలలో కనబడు సంఘము

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, మహాక్షామము తగ్గుముఖము పట్టిన కాలమున, ఒంగోలునకు సమీపమున గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య యబ్బురమే. కాని సంఖ్య సమూహమును జూపునేగాని సంఘమును జూపదు. ఆ జనులు కూడి యేమి పాడిరో విచారించిననే వారి యంతరంగము మనకు గోచరించును.

తెలుఁగు క్రైస్తవులకు పాట నొసఁగినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) అగ్రగణ్యుఁడు. ఆయన పల్లవి చరణములతో, దేశీయ రాగతాళములతో క్రీస్తును స్తుతించెను. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమును దెఱచినచో పాటల శిరోభాగమున రాగతాళముల పేళ్లు నేఁటికిని గానవచ్చును. పరదేశమునుండి వచ్చిన బోధ యీ విధముగా మన యింటి గొంతును సంపాదించుకొనెను. సంస్కృతపద భూయిష్ఠములగు నీ కీర్తనలు పామరులకు భారము గావాయని కొంద ఱాక్షేపింతురు. చదువే నిషిద్ధమై యుండిన వారి నాలుకపై ఆ పదములు నిలుచుట నాకు దోషముగాఁ దోఁచదు, అదియే విజయము.

అసలు లోప మింకొకచోట నున్నది. పెక్కు కీర్తనలందు మాటలాడునది ‘నేను’. నా పాపము, నా రక్షణ, నా కన్నీరు. ఈ యార్తి సత్యమైనదే. కాని ‘మేము’ అను మాట యరుదు. పొరుగువాని యాఁకలి, కులము చేసిన గాయము పాటలో వినఁబడుట యింకను నరుదు. ఆ గాయమును జాషువ మహాకవి 1941లో ‘గబ్బిలము’ అను కావ్యమునఁ బలికెను. క్రైస్తవ కుటుంబమునఁ బుట్టిన యా కవి తన నాయకుని మొఱను గబ్బిలముచేత కాశీలోని శివునికిఁ బంపెను. ఆ మొఱకు కీర్తనగ్రంథమున నేల చోటు చాలలేదో సంఘము తన్నుఁ దాను బ్రశ్నించుకొనవలెను.

ప్రభుభోజనమున నొక్క రొట్టెలో పాలుగొనువారు పెండ్లి సంబంధములయొద్ద కులమును వెదకుట నేఁటికిని గలదు. సంస్కారమును గోరు యితర సమాజములవారమగు మనకును ఈ యపరాధము క్రొత్తది గాదు. కావున నవ్వుట తగదు. నోటితోఁ బాడిన చరణమునకు వీథిలో నడచు చరణము తోడైన దినముననే యే సంఘమునకైనను ఆత్మాభివృద్ధి కలిగినదని చెప్పవచ్చును.